దానిమ్మ చక్కెర

ఆ ఇంటాయనతో ఒక్కటే చిక్కు. ఆయన తప్పు చేయడు.

ఆఫీసులో సంతకాలు సరిపోల్చడం ఆయన పని. ఇరవై ఏళ్లలో అక్కడ ఒక్కసారీ పొరబడలేదు కాబట్టి, ఇంట్లో పొరబడే ప్రశ్నే లేదు. కూర మాడితే పొయ్యిది తప్పు. కాఫీ ఒలికితే బల్లది.

అలాంటాయన కూతురికి మర్నాడు ట్రంపెట్ పోటీ. చలికీ సాధనకీ పెదవులు పొట్టు లేచిపోయాయి. పై స్వరం దగ్గరికొచ్చేసరికి గాలి జారిపోతోంది.

"ఊదడానికి ఊపిరి కావాలిగానీ పెదవులెందుకే?" అన్నాడు తండ్రి.

తల్లి ఊరుకోలేదు. పెదవుల పొట్టు రుద్ది తీసే లిప్ స్క్రబ్ చేద్దామని చక్కెరా దానిమ్మ రసమూ ఒకేసారి మిక్సీలో వేసి తిప్పింది. అది ముద్దై, బంకై, మిక్సీ గుర్రుమని ఆగిపోయింది.

ఫోన్ చేస్తే మెకానిక్ వచ్చాడు. పెద్దవయసు, కట్టుడు పళ్లు.

జార్ మూత తీసి వాసన చూశాడు.

"జామ్ చేస్తున్నారామ్మా?"

"కాదండీ, పెదవులకి. అమ్మాయికి రేపు పోటీ."

ఆయన బల్ల మీద తెరిచి ఉన్న ట్రంపెట్ పెట్టె వైపు తిరిగాడు. తిరిగినవాడు చేతిలోని మూత కింద పెట్టడం మరిచిపోయాడు.

"ఎక్కడ కొన్నారు తల్లీ?"

"పాత సామాన్ల కొట్లో" అంది పిల్ల.

"రెండో మీట చలికాలం బిగుసుకుంటుంది కదూ?"

"అవును! మీకెలా తెలుసు తాతగారూ?"

"ఏ యంత్రమైనా అంతేలే."

మిక్సీ తిరిగింది. ఆయన మాత్రం కదల్లేదు.

"ముందు చక్కెర ఒక్కటే మెత్తగా పొడి చేయండమ్మా. రసం విడిగా మరిగించి, చిక్కబడి చల్లారాక చెంచాడు కలపండి. నాలుగు చుక్కలు కొబ్బరినూనె. ఇవాళే రుద్దాలి, రేపు కాదు. పగిలిన చోట వద్దు. ఊదేముందు జిడ్డు తుడవాలి."

"చూడవయ్యా, మిక్సీ వాడివి మిక్సీ సంగతి చూసుకో" అన్నాడు తండ్రి, పేపర్ వెనక నుంచి.

మెకానిక్ నొచ్చుకోలేదు. బిల్లు రాసిచ్చి గుమ్మం దగ్గర ఆగాడు.

"రేపు బయటివాళ్లు కూడా వినొచ్చా అండీ?"

"ఇంటివాళ్లకే" అన్నాడు తండ్రి.

ఇంటికి వచ్చిన పాసులు మూడు. కూర్చునేది ఇద్దరు.

తండ్రి స్నానానికి వెళ్లగానే తల్లీకూతుళ్లు మెకానిక్ చెప్పింది చెప్పినట్టు చేశారు. గులాబీరంగు చక్కెర తయారైంది. పిల్ల రుద్దుకున్నదానికంటే నాకిందే ఎక్కువ.

మర్నాడు హాల్లో మూడో కుర్చీలో తండ్రి కోటు దర్జాగా కూర్చుంది.

పిల్ల ఊదింది. పై స్వరం గాలి జారకుండా లేచి, కప్పు దాకా వెళ్లి, అక్కడ కాసేపు నిలబడి, తీరిగ్గా దిగింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కోటు ఒక్కటే లేవలేదు.

మొదటి బహుమతి!

"చూశావా, దానికి నా ఊపిరే వచ్చింది" అన్నాడు తండ్రి.

ఇంటికొచ్చాక పిల్ల తన పతకాన్ని ట్రంపెట్ పెట్టెలో దాచబోయింది. అడుగున మఖమల్ గుడ్డ ఒక మూల ఊడి ఉంది. దాని కింద బొటనవేలంత రేకు డబ్బా. తెరిస్తే, రాయిలా గట్టిపడ్డ ఎర్రటి చక్కెర. మూత లోపల రంగు మారిన చీటీ.

'ముందురోజే రుద్దాలి. పగిలిన చోట వద్దు. ఊదేముందు తుడవాలి.'

తల్లి మిక్సీ బిల్లు తెచ్చి చీటీ పక్కన పెట్టింది, అంతే.

తండ్రి కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ల అలవాటు. చీటీలో అక్షరాల కొమ్ములు చూశాడు, బిల్లులో కొమ్ములు చూశాడు. రెండు చోట్లా ఒకే తీరున వంకర తిరిగి ఉన్నాయి.

కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అవి మారలేదు.

లేచి, బిల్లు మీది నంబరుకి ఫోన్ చేశాడు. ఒక్క ముక్కా పోకూడదని తల్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

"అయ్యా, నేనండీ... మిక్సీ ఇంటివాణ్ణి" అన్నాడు తండ్రి. "మీ ట్రంపెట్ గెలిచిందండీ. మీరు కూర్చోవలసిన కుర్చీలో నా కోటును కూర్చోబెట్టాను. తప్పు నాదే."