నీళ్లు దాటే చదువు

ఆఫ్రికాలో ఉన్న అబిసీనియాలో ఇంగ్లీషు మాస్టర్లు కావాలట. పేపర్లో పడిన ఆ ప్రకటనను హెడ్మాస్టరు దేవేంద్రప్ప మూడుసార్లు చదివి, కత్తిరించి, ఈరన్న ముందు పెట్టాడు.

అది 1955. డోన్ హైస్కూల్లో ఈరన్న ట్రైనింగు లేని అసిస్టెంటు. బి.ఏ. ఉంది. అదొక్కటే చాలదు. దాని మీద టీచరు ట్రైనింగు బి.టి. అయినా ఉండాలి, ఎం.ఏ. అయినా ఉండాలి.

"ఎం.ఏ. చెయ్యప్పా" అన్నాడు దేవేంద్రప్ప. "అనంతపురంలో నీకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరే ఇప్పుడు తిరుపతిలో ఉండాడు. నీ మొగం చూస్తే చాలు, సీటిస్తాడు."

"బి.టి. చాలు సార్. రాజమండ్రిలో చేస్తా."

దగ్గర్లో పిలిచి సీటిచ్చేవాడు ఉంటే ఎవరైనా అంత దూరం పోతారా? మంచి తెలివి, పిరికి గుండె అనుకున్నాడు దేవేంద్రప్ప. అనుకుని ఊరుకున్నాడు.

ఈరన్నకు కావలసింది జీతం కాదు, సముద్రం. నీళ్లు దాటినవాడి వెంట చచ్చినవాళ్ల గాలి రాదని వాళ్లమ్మ సుంకులమ్మ ఒకసారి అంది. ఆ మాట పట్టుకునే బతుకుతున్నాడు. ఎందుకంటే అతని క్లాసులో ఒక గొంతు ఎక్కువ ఉండేది.

అతను పాఠం ఒక్కో వాక్యమే చదివేవాడు. నలభైమంది పిల్లలు తిరిగి చెప్పేవాళ్లు. అందరూ ఆపాక, చివరి బెంచీ నుంచి ఇంకో గొంతు అదే వాక్యాన్ని నిదానంగా చెప్పేది. పిల్లలకు వినబడేది కాదు. ఈరన్నకు మాత్రం ప్రతి మాటా వినబడేది. ఒకరోజు చేతిలోని సుద్దముక్క జారిపోయి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు. దేవేంద్రప్ప వచ్చి వరండాలోకి తీసుకుపోయాడు.

"మా ఈరన్న సార్" అన్నాడు ఈరన్న. "ఆ బెంచీ మీదనే కూచోనుండాడు."

దేవేంద్రప్పకు ఆ రెండో ఈరన్న సంగతి తెలుసు. వాళ్ల సొంతూరు కోసిగి. ఆ వైపు వాళ్లు ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుని బిడ్డల్ని కంటారు. పుట్టినవాళ్లందరికీ ఆ పేరే పెడతారు. కేకేస్తే ఇంట్లో ఇద్దరు పలుకుతారు. సుంకులమ్మకూ ఇద్దరు కొడుకులు, పెద్ద ఈరన్న, చిన్న ఈరన్న. ఏడాదిన్నరే తేడా. ముఖాలు ఒకే అచ్చు. అద్దాలు పెద్దవాడికే. పెద్దవాడు అనంతపురం పోయి బి.ఏ. అయ్యాడు. చిన్నవాడు ఇంటరుతో ఆగిపోయి, అన్న పుస్తకాలే చదువుతూ సేద్యం చూసుకున్నాడు.

కరువొచ్చిన ఏడు ముగ్గురూ కాలవ పనికి వలసపోయారు. అక్కడి గుడిసెల్లో కలరా తగిలి, పొద్దున బాగున్నవాడు సాయంత్రానికి లేడు. చావులు రాసుకునే గుమాస్తా, పోయింది ఏ ఈరన్న అని అడిగాడు. సుంకులమ్మ బతికున్నవాడి వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత చిన్నోడు అని చెప్పింది. మళ్లీ కోసిగి ముఖం చూడలేదు. మిగిలిన కొడుకునూ ఒక ట్రంకుపెట్టెనూ వెంటబెట్టుకుని, తెలిసినవాళ్లెవరూ లేని డోన్‌కు వచ్చేసింది.

ప్రతి అమావాస్యకూ పోయినవాడి పేర ఆకులో తిండి వడ్డించి ఎడ పెట్టేది. సంగటి ముద్ద, చెనిగ్గింజల చట్నీ, పక్కన ఒక ఫౌంటెన్ పెన్ను. అది చూసి దేవేంద్రప్ప కళ్లు తుడుచుకున్నాడు. ఆ పిల్లవాడికి చదువు మీద ఎంత ఆశ ఉండేదో పాపం అనుకున్నాడు.

ఈరన్నవి మందపాటి అద్దాలు. లోకంలో అందరూ చదవడానికి అద్దాలు పెట్టుకుంటారు. ఇతను చదివేటప్పుడు నుదుటి మీదికి తోసి, నడిచేటప్పుడు దించుకునేవాడు. మా సారు మెట్ల మీద పడటానికే అద్దాలు కొన్నాడని పిల్లలు నవ్వేవాళ్లు. గడప దాటుతుంటే సుంకులమ్మ మాత్రం మరిచిపోకుండా గుర్తుచేసేది.

"అద్దాలు పెట్టుకో పెద్దోడా."

రాజమండ్రిలో బి.టి. మొదటి తరగతిలో పాసయ్యాడు. ఆ గొంతు అక్కడికీ వచ్చింది. గోదావరి దాటితే పోయేది కాదని తెలిసిపోయింది. తిరిగొచ్చి, మళ్లీ ప్రకటన పడగానే దరఖాస్తు రాశాడు. దానికి పాత గురువు ఉత్తరం ఒకటి జతచేయాలన్నారు. ఈరన్న నాన్చుతుంటే, దేవేంద్రప్ప తనే తిరుపతికి రాసి తెప్పించాడు.

అలాంటి విద్యార్థి తనకు మళ్లీ దొరకలేదని రాశాడు ఆ ప్రొఫెసరు. అతను నిలబడి చదువుతుంటే కిటికీ అవతల పోయేవాళ్లు కూడా ఆగేవాళ్లట. ఈరన్న చదవలేక మధ్యలో ఆపేశాడు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"ఇది నాకు తగదు సార్."

తగనివాడికి ఎవరూ రాయరప్పా అని వీపు తట్టాడు దేవేంద్రప్ప. పోస్టులో వేసేముందు సుంకులమ్మ ఆ ఉత్తరాన్ని ఒక పూటంతా ఎడ ఆకు పక్కన పెట్టింది.

ఉద్యోగం వచ్చింది. డోన్ నుంచి గుంతకల్లు, గుంతకల్లు నుంచి బొంబాయి, అక్కడ ఓడ. మిట్టమధ్యాహ్నం స్టేషన్లో పిల్లలు దండలేశారు. దేవేంద్రప్ప కూజాలో నీళ్లు పట్టుకురావడానికి పోయాడు. ఈరన్న కిటికీ దగ్గర కూర్చుని అద్దాల వెనక కళ్లు చికిలించుకుంటూ తల్లిని చూస్తున్నాడు.

ఇన్నేళ్లలో ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు కూడా ఆమె అతన్ని పెద్దోడా అనే పిలిచింది. రైలు కదిలింది. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి కొడుకు చెంప నిమిరింది.

"ఆ అద్దాలు ఇంక తీసెయ్ చిన్నోడా, ఆడ మీ అన్నను ఎరిగినోళ్లు ఎవరూ ఉండరు."