రెండు పేజీల సీటు

"చదువు, వింటాను" అంది ప్రొఫెసరమ్మ.

ఇంట్లో ఇద్దరమ్మాయిల్లో పెద్దది, తన వ్యాసం తీసి గొంతు సవరించుకుంది.

"బాల్యం నుంచీ నాకు విజ్ఞానం పట్ల అచంచలమైన తృష్ణ..."

ప్రొఫెసరమ్మ ఆవలించింది.

"ఎవరమ్మా ఆ పిల్ల?"

"నేనేనండీ!"

"ఇందాక సైకిల్ స్టాండు వాడితో టోకెను కోసం గొంతు చించుకుందే, ఆ పిల్లని నేనెరుగుదును. ఈవిడెవరో నాకు తెలీదు. కొట్టెయ్."

లైబ్రరీ హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దదానికి తల కొట్టేసినట్టయింది. కాగితాలు సంచిలో కుక్కుకుని విసవిసా బయటికి నడిచింది.

కిటికీ పక్క బల్ల ఆ ముసలావిడది. మడత నలగని బట్టలు, ముక్కు మీద కళ్ళజోడు, ఎదురుగా లావుపాటి పక్షుల బొమ్మల పుస్తకం. ఒకప్పుడు ఏదో పెద్ద కాలేజీలో పాఠాలు చెప్పిందట. ఆ సంగతి ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు, కానీ అందరికీ తెలుసు. ప్రొఫెసరమ్మా అని పిలిస్తే ఆవిడ నవ్వి ఊరుకునేది.

పెద్దదీ చిన్నదీ అక్కచెల్లెళ్ళ పిల్లలు. ఒకే ఇల్లు, రెండు నెలల తేడా. యూనివర్సిటీ ఇంజనీరింగ్‌లో మిగిలింది ఒక్క సీటు. మార్కులు ఇద్దరికీ సమానం. ఇక తేల్చేది ఎవరి గురించి వాళ్ళు రాసుకునే రెండు పేజీల వ్యాసమే.

చిన్నది తొమ్మిది రోజులు ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్ళింది. పదో రోజు భోజనాల దగ్గర వ్యాసం చదివి వినిపించింది.

కుట్టుమిషన్ విప్పేసి, మళ్ళీ బిగించలేక, దొంగలు పడ్డారని అమ్మతో అబద్ధమాడిన రోజు గురించి!

పిన్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. పెద్దది కంచం పక్కకి నెట్టింది.

"ఎవరు రాసిచ్చారే?"

"నేనే రాశానక్కా. ఆవిడ 'ఇక్కడ నిద్రొస్తోంది, కొట్టెయ్. ఇక్కడ ఇంకాస్త చెప్పు' అనేవారు. విన్నారంతే."

"వింటే వ్యాసాలు పుట్టుకొస్తాయా? నా చెవిలో పువ్వులేమైనా కనిపిస్తున్నాయా?"

చిన్నదాని మొహం! కామా ఎక్కడ పెట్టాలో తెలియని మొద్దు. దానికి తొమ్మిది రోజులు, తనకి తొమ్మిది నిమిషాలా? పెద్దదాని కడుపు రగిలిపోయింది. లేచి వచ్చిందీ తనేనన్న సంగతి ఆ పొగలో కనపడలేదు.

మర్నాడే యూనివర్సిటీకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్ళింది.

'ఆ వ్యాసం విద్యార్థిని రాసింది కాదు. లైబ్రరీలో కూర్చునే మాజీ లెక్చరర్ రాసిచ్చింది. విచారించండి.'

విచారించారు. చిన్నదానికి రావలసిన సీటు ఆపేశారు. గొడవ మనకెందుకని లైబ్రేరియన్ ఆవిడని రావద్దన్నాడు. వారం తిరక్కుండా ప్రొఫెసరమ్మ గది ఖాళీ చేసి వెళ్ళిపోయింది. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు. చిన్నది వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దది దాని వీపు నిమిరింది, లోపల తేలిగ్గా ఊపిరి పీలుస్తూ.

నెలాఖరున యూనివర్సిటీ నుంచి పిలుపొచ్చింది.

"తోడు రావే అక్కా, భయంగా ఉంది" అంది చిన్నది.

పెద్దది వెళ్ళింది. సీటు పోయిందన్న మాట చెవులారా వినడానికి.

గుమస్తా ఫైలు తెరిచాడు. "ఫిర్యాదు కొట్టేశారమ్మా. సీటు నీదే."

చిన్నది కుర్చీలో కూలబడింది. పెద్దది ఆగలేకపోయింది.

"అదేంటి సార్? నేను రాయలేదని ఆవిడ అనగానే నమ్మేస్తారా?"

"మేమూ నమ్మలేదు తల్లీ. ఆవిడ ఖాళీ చెయ్యకముందే, వాంగ్మూలం తీసుకోవడానికి నేనే ఆవిడ గదికి వెళ్ళాను. ఇదిగో, నువ్వే చూడు."

అతను ఫైలు ఇటు తిప్పాడు.

'ఈ పిల్ల వ్యాసంలో నేను ఒక్క అక్షరం కూడా రాయలేదు' అని గుమస్తా దస్తూరీలో ఉన్న వాక్యం కింద, సంతకం ఉండాల్సిన చోట, ప్రొఫెసరమ్మ వేలిముద్ర ఉంది.