పదిహేడో చాకు

చిట్కుల్‌లో కాపురమున్నప్పుడు నాకు పాత మడత చాకులు పోగుచేసే పిచ్చి ఉండేది. ఫ్యాక్టరీ సెలవు రోజున పటాన్‌చెరు పాత సామాన్ల దుకాణాలన్నీ తిరిగేవాణ్ని. కొమ్ము పిడి ఉన్న పదిహేడో చాకు తెచ్చిన రాత్రి, అది డబ్బాలో తనంతట తానే టక్కున తెరుచుకుంది. మూసి పెట్టాను. మళ్లీ టక్కుమంది.

"దీని పాత ఆసామి ఎంటవడి వచ్చినట్టున్నడు," అంది నా భార్య బీరమ్మ. "పొద్దుగాల చాకులన్నీ చెరువుల పడేస్త."

చాకులు పోతాయంటే నా ప్రాణం ఒప్పలేదు. మా వైపు బాలింత తలాపున కత్తి పెడతారు. ఇనుమును దయ్యం దాటదంటారు. లేచి గడప మీద, కిటికీలో, నీళ్లు బయటికి పోయే తూము దగ్గర, ఉన్న పదిహేడూ పరిచి వచ్చాను.

"ఇగ పండుకో. ఏదీ లోపలికి రాదు," అన్నాను.

బీరమ్మ చీకట్లో నా వైపు తిరిగింది.

"ఆయన లోపలనే ఉన్నడు గదయ్యా," అంది. "ఇప్పుడు బయటికెట్ల పోతడు?"

ఆ సంగతి నాకు తట్టలేదు. కిటికీ దగ్గర ఎవరో వెళ్లి ఆగినట్టు అలికిడైంది. తర్వాత తూము దగ్గర. గడప దగ్గర కొంచెం ఎక్కువసేపు.

"పోయి గడప మీదియి తియ్యి."

"నువ్వే తియ్యి."

"చాకులు ఎవరియి?"

కాళ్లు కిందికి దించబోయాను. అలికిడి గడప దగ్గర్నుంచి తిరిగి, తొందరేమీ లేకుండా మంచం వైపు వచ్చింది. కాళ్లు మళ్లీ పైకి లాక్కున్నాను. కాళ్ల దిక్కున నులక కిర్రుమని కుంగింది.

"జెర జరుగయ్యా," అంది బీరమ్మ గోడకు ఒదుగుతూ. "ఆయనకు జాగ చాలతలేదు."