గోడ కదిలిన రోజు

మున్సిపాలిటీ కట్టిన కొత్త ఇళ్లు మనుషుల్ని బట్టి పెరుగుతాయి, తగ్గుతాయి. ఎవరైనా చనిపోబోతుంటే గోడ ముందే జరిగి, వాళ్ల చోటును పక్కింటికి ఇచ్చేస్తుంది. ఈ ఏడాది ఊళ్లో ఇల్లు లేనివాళ్లే లేరని ఛైర్మన్ ఆ ఉదయమే మైకులో చెప్పాడు.

నాగరత్నం బెండకాయలు తరుగుతుంటే పడగ్గది గోడ లోపలికి కదిలింది. ఆ ఇంట్లో ఉండేది ఆమె, భర్త మాణిక్యం మాత్రమే. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

"ఏమయ్యా, ఎక్కడున్నావు?"

"వాటర్ ట్యాంకు కాడ. ఏందే?"

"గోడ జరుగుతాంది. జాగర్తగా ఇంటికి రా."

అతను క్షేమంగానే వచ్చాడు. ఆమె ఏడుస్తూ అతని ముఖం తడిమింది. గోడ మాత్రం ఆగలేదు.

"నాకేం కాలేదు గదే, మరింకా ఎందుకు..." అంటూ మాణిక్యం మధ్యలోనే ఆగిపోయాడు. ఆమెను గట్టిగా గుండెకు హత్తుకున్నాడు.