దానంతటదే తెరుచుకునే ఫైలు

స్ప్రెడ్‌షీట్ తెరుచుకుంది. మాక్రో ఫైలు మాత్రం లోడవలేదు.

ఆసుపత్రి మేనేజరు కంప్యూటరు ఆపి మళ్లీ వేశాడు. ఊహూ.

స్ప్రెడ్‌షీట్ తెరవగానే దానంతటదే లోడై, డయాలిసిస్‌కు వచ్చేవాళ్లలో ఎవరు ఏ మెషిన్ మీద, ఏ వేళకు అన్నది క్షణంలో తేల్చేసే ఫైలు అది. ఆయనే రాశాడు. దానివల్లే ఈ కుర్చీ వచ్చింది. అది ఉందన్న ధీమాతోనే నిన్న గుమాస్తాను ఉద్యోగంలోంచి తీసేశాడు.

"మీట నొక్కడానికి ఒక మనిషెందుకు?" అన్నాడు.

ఆమె తన సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు. చాటున ఆమెకు "మూగనోము" అని పేరు పెట్టిందీ ఆయనే.

బయట వరండాలో గొంతులు లేస్తున్నాయి.

"మొదటి వంతు నాది!"

"నీదైతే నేనెందుకొచ్చానయ్యా, గాలి పీల్చుకోడానికా?"

"ఆ గాలే అందక చస్తున్నాను, కాస్త తప్పుకో!"

ఫోను మోగింది. మరో ఆసుపత్రి అధికారి.

"మీ దగ్గర చేసిన గుమాస్తా మా దగ్గరికి పని కోసం వచ్చిందండీ. అడగమని మీ పేరే చెప్పింది. మనిషెలాంటిది?"

మేనేజరు తెర వైపు చూశాడు. తప్పు తన ఫైలుదేమోనన్న ఊహ లోపల తల ఎత్తబోయింది. దాన్ని అణచడానికి ఒక మనిషి కావలసి వచ్చింది.

"నమ్మకండి. పోతూ పోతూ నా ఫైలు పాడుచేసి పోయింది. ఇక్కడ రోగులు కొట్టుకుంటున్నారు."

"అమ్మో! అడిగి మంచిపని చేశాను. ఇప్పుడే పంపించేస్తాను. ఇంకొకామె కూడా వచ్చింది లెండి, ఆమెకే ఖాయం చేస్తాం."

ఫోను పెట్టేశాక ఆయనకు ప్రాణం తేలికపడింది.

కంప్యూటరు మెకానిక్కు వచ్చి కాసేపు వెతికాడు.

"ఎవరూ పాడుచేయలేదు సార్. షీటు మధ్యలో ఆగిపోతే, ఏ ఫైలు వల్ల ఆగిందని అనుమానమో కంప్యూటరే దాన్ని పక్కన పెట్టేస్తుంది. మనం విడిపించేదాకా అది లోడవదు. ఇదిగో, విడిపించాను."

"నిన్న ఆవిడేదో చేసి ఉంటుంది."

"నిన్నా? ఈ ఫైలు నడిచినప్పుడల్లా తేదీ వేసుకునేలా మీరే రాశారుగా. చివరి తేదీ చూడండి. కిందటి వానాకాలం. కరెంటు పోయి అన్నీ ఆగిపోయిన రోజు."

"మరి ఇన్నాళ్లూ వంతులు ఎవరు వేశారు?"

వంతుల కోసం వచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది.

"మన గుమాస్తా అక్క" అంది. "మా అందరికంటే ముందొచ్చి, ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఎవరికి ఆయాసంగా ఉందో కనుక్కుని చేత్తో వేసేది."

"నాతో ఒక్కమాట చెప్పొద్దూ?"

"చెప్పింది సార్, మీ ఫైలు రావట్లేదని. 'నా ఫైలుకి వంక పెట్టేంతదానివయ్యావా' అన్నారు."

ఆయనకు గుర్తులేదు. గుర్తులేదని గట్టిగా అనుకున్నాడు.

గబగబా ఆ ఆసుపత్రికి ఫోను చేశాడు.

"ఆవిడ అప్పుడే వెళ్లిపోయిందండీ" అంది అవతలి గొంతు. "ఇంకొకామె పనిలో కూర్చుంది కూడా."

ఫోను చేతిలోనే ఉంది. ఆయన నర్సు మీద విరుచుకుపడ్డాడు.

"నువ్వైనా చెప్పి చావొచ్చుగా!"

"ఒట్టు వేయించుకుంది సార్... తెలిస్తే పైవాళ్ల దగ్గర మీకు మాటొస్తుందని, ఎవరడిగినా ఫైలే వేస్తోందని చెప్పేది."