ఒక చుట్టు తక్కువ

"మూత చివరిదాకా బిగించడానికి ఒళ్లు వంగలేదా?" లిగాయ చేతిలోంచి టార్చి లాక్కుని అరిచాను. నిన్న గుహలో పీకల్లోతు నీళ్లలో ఉండగా అది తడిసి ఆరిపోయింది. ఆమె వెనకున్న ఆరుగురు టూరిస్టులు చీకట్లో ఒకటే కేకలు.

"బిగించానన్నా. అంతకంటే తిరగదు."

"చేతకాకపోతే గైడు పని మానెయ్!"

పళ్లు బిగపట్టి నేనే తిప్పాను. ఒక చుట్టు మర బయటే ఉండిపోయింది. నీళ్లను ఆపే రబ్బరు రింగుకి మూత అందనేలేదు.

లిగాయ కొత్త బ్యాటరీ తీసేసి, తన పాతది వేసింది. మూత మెత్తగా చివరిదాకా వెళ్లింది. రెండు బ్యాటరీలూ పక్కపక్కన నిలబెడితే కొత్తది బియ్యపు గింజంత పొడుగుంది.

"రెంటి మీదా సైజు నంబరు ఒకటే కదే!"

"నంబరు చూశావు. టార్చిలో పెట్టి చూశావా, సెలియో అన్నా?"

ఎక్కువ భద్రమైనవని ఈ కొత్త బ్యాటరీలు ఏరికోరి తెప్పించింది నేనే. గైడులందరికీ పంచిందీ నేనే.

"అందరివీ వెనక్కి తీసుకో, వెంటనే!"

లిగాయ గుహ వైపు చూసింది.

"తన టార్చికీ మూత పట్టట్లేదని రామిల్ ఇవాళ పొద్దున చెప్పాడు కదన్నా. వాణ్ణీ ఇలాగే తిట్టి లోపలికి పంపావు."