తొంటి చూసిన సారు

“మోకాలు నొప్పంటే తొంటి పట్టుకుంటావేందప్పా?”

గిడ్డమ్మ నోటికి ఊళ్ళో పేరుంది. కోడుమూరు బడిలో పిల్లల శిబిరానికి వచ్చినవాళ్ళంతా ఇటే చూశారు.

చాప మీద పడుకున్నది ఆమె మనవరాలు అంజలి. పదకొండేళ్ళ పిల్ల. నెల రోజులుగా కాలు ఈడుస్తోంది. కుంటుకుంటూ వచ్చి పక్కనే కూర్చుని ఆ కాలు మెల్లగా తిప్పి చూస్తున్నాడు, కడప నుంచి కొత్తగా వచ్చిన ఫిజియోథెరపీ సారు రామాంజి.

“నొప్పి మోకాల్లో తెలుస్తాంది గానీ అవ్వా, చెడింది తొంటి. అడుగు కూడా నడిపించొద్దు. ఎత్తుకొని రేపే కర్నూలు పెద్దాసుపత్రికి పోండి. ఎముకల డాక్టరుకు ఈ చీటీ ఇయ్యండి.”

“మరి నువ్వేం చేస్తావు? కసరత్తు చేయించవా?”

“ఇప్పుడు చేయిస్తే కాలు పోతాది.”

“చేతగాక చీటీ రాస్తాండావు! నీకన్నా మా బొజ్జన్న శానా నయం.”

సారు నొచ్చుకోలేదు. “ఆయన దగ్గరికి పోయినా సరే, ఈ చీటీ చూపించవ్వా” అన్నాడు.

బొజ్జన్న పక్క మండలంలో ఎముకలకు కట్టు కట్టే పెద్దాయన. గిడ్డమ్మ విరిగిన చేతిని అతికించిందీ ఆయనే. తెల్లారగానే పిల్లను ఆటోలో అక్కడికే తీసుకుపోయింది.

చీటీ కింద ఉన్న పేరు చూసి బొజ్జన్న, పిల్ల కాలి మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఈ కాలు నేను ముట్టను. ఇదే ఆటోలో కర్నూలుకు పోండి.”

ఎంత బతిమాలినా వినలేదు. మరునాడే ఆపరేషన్ అయింది. ఎవరైనా లాగి కట్టు కట్టి ఉంటే తొంటి పూర్తిగా జారిపోయేదని పెద్ద డాక్టరు చెప్పాడు.

ఏడేళ్ళు గడిచాయి. అంజలి కాలేజీ బస్సు కోసం పరుగెత్తుతుంటే, గిడ్డమ్మకు ఆ చాప, సారు మెత్తని చేతులు గుర్తొస్తాయి. తానన్న మాటకు ప్రాణం చివుక్కుమంటుంది. కనపడితే తప్పయిందని చెప్పాలి. రేపు మాపంటూ ఇన్నేళ్ళు గడిపేసింది.

చివరికి ఒకరోజు సెనక్కాయల మూటతో బొజ్జన్న ఇంటికి పోయింది.

“అన్నా, ఆ సారు యాడుండాడో నీకేమన్నా తెలుసా?”

“లేడు గిడ్డమ్మా. పోయినేడు గుండె ఆగి పోయినాడు.”

గిడ్డమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

“నీకెవరు చెప్పినారన్నా?”

“నా కొడుకమ్మా వాడు. పదేళ్ళప్పుడు మోకాలు నొప్పంటే, తొంటి చూడక మోకాలికి కట్టు కట్టి, వాడు బతికినన్నాళ్ళూ కుంటేట్టు చేసింది నేనే.”